అడిగి పట్టుకున్న చెయ్యి

హన్మకొండలోని ఒక అంధబాలల బడిలో పాండురంగం సారు పంతులు. పిల్లలంటే ఆయనకు ప్రాణం. ఎవరు ఎదురైనా చెయ్యి పట్టి నడిపించేవాడు, బుగ్గ గిల్లేవాడు.

1985లో బళ్లు తెరిచిన కొత్తలో, పంతుళ్లకూ ఆయాలకూ శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి సుగుణ అనే ఆమె వచ్చింది. చూపులేని పిల్లల మీద చెయ్యి వేసే దుర్మార్గుల గురించి చెప్పింది. అందరూ అడక్కుండానే తాకుతుంటే ఏ చెయ్యి మంచిదో పిల్లలకెట్లా తెలుస్తుందని అడిగింది. పేరు చెప్పి, అడిగి, సరేనంటేనే తాకమంది. పిల్లలు ఏదైనా చెబితే ముందు నమ్మమంది. సారుకు తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు వరండాలో పదేళ్ల కట్టమ్మ కనిపిస్తే ఆగాడు.

"కట్టమ్మా, నేను పాండురంగం సారును. చెయ్యి పట్టుకోనా?"

"వద్దు సార్. నేనే వస్త."

సారు మనసు చివుక్కుమంది. అంతలోనే నవ్వొచ్చింది. ఆ పిల్ల వెనకాలే నడిచాడు. కొన్నాళ్లకు పిల్లలందరికీ అట్లా వద్దనడమొక ముచ్చటైపోయింది. హెడ్మాస్టరుకు సైతం వద్దని చెప్పి కిలకిలా నవ్వేవాళ్లు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం కట్టమ్మ గోడ పట్టుకుంటూ సారు దగ్గరికి వచ్చింది. కూరగాయలు తెచ్చే మనిషి తనను కొట్టుగదిలోకి గుంజాడని చెప్పింది. వద్దన్నా వదలకపోతే అరిచి, విదిలించుకుని వచ్చిందట. అంతకుముందూ ఒకసారి తాకరాని చోట తాకాడట. అప్పుడు ఎవరికి చెప్పాలో తెలియలేదట.

సారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"నేను నమ్ముతున్న బిడ్డా. తప్పు నీది కాదు," అన్నాడు.

హెడ్మాస్టరును వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్లాడు. సాయంత్రానికి ఆ మనిషిని పట్టుకున్నారు.

కబురు అందుకుని తొర్రూరు నుంచి కట్టమ్మ తండ్రి సారయ్య వచ్చాడు. ఏడ్చి ఏడ్చి, బిడ్డను ఇంటికి తోల్కపోతానన్నాడు. ఆపడానికి సారుకు మొహం చెల్లలేదు. కట్టమ్మే మాట్లాడింది.

"నేను రాను బాపూ. తప్పు జేసింది వాడు. నేనెందుకు బడి ఇడిసిపెట్టాలె?"

సారయ్య కండువాతో కళ్లు తుడుచుకుని, సరేనన్నాడు.

ఆ పూట బడిలోనే తిన్నాడు. కట్టమ్మ బాపును పక్కన కూర్చోబెట్టుకుని, చుక్కల అక్షరాల మీద వేళ్లు నడుపుతూ ఒక కోతి కథ చదివింది. ఊపిరి తీసుకోవడానికి ఆ పిల్ల ఆగినప్పుడల్లా "ఇంకేమైంది బిడ్డా?" అని అడుగుతూ, సారయ్య తొర్రూరు బస్సు సంగతే మరిచిపోయాడు.