ఉత్తుత్తి ఊరు

"ఈసారి పిల్లని కూడా తీసుకురా," అన్నాడు మా ఆయన, నేను వాకిట్లో చిలగడదుంపలు కడుగుతుంటే. ఇంట్లో ఉప్పు నిండుకుంది చూసుకో అన్నంత మామూలుగా అన్నాడు. నేను తలెత్తలేదు. దుంపల మట్టి గోళ్ళలోకి పోతోంది, నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. నేను మాట్లాడకపోతే సరేనన్నట్టే ఆ ఇంట్లో లెక్క. నా మౌనాన్ని ఇన్నేళ్ళూ అందరూ తమకి కావలసినట్టే చదువుకున్నారు.

మా ఊరికి పైన, కొండ అడవిలో, అమెరికా వాళ్ళు ఇంకో ఊరు కట్టారు. గడ్డికప్పు గుడిసెలు, చుట్టూ వెదురు కంచె, ఓ ఎండిపోయిన బావి. ఎక్కడో వియత్నాం అనే దేశంలో అడవుల్లో వాళ్ళ యుద్ధం నడుస్తోంది. అక్కడికి పంపే కుర్రాళ్ళకి ముందు మా ఒకినావా దీవి కొండల్లో ఆ యుద్ధం నేర్పుతున్నారు. చెట్లూ, ఉక్కపోతా, జలగలూ ఒకేలా ఉంటాయట. పైనుంచి హెలికాప్టర్లు వస్తాయి, కిందనుంచి ముఖాలకి పచ్చరంగు పూసుకున్న సైనికులు పాకుతూ వస్తారు, వచ్చి ఊరిని చుట్టుముడతారు. ఊరన్నాక జనం ఉండాలి కదా, ఆ జనం మేము. మాకు నల్లబట్టలూ గోపురం లాంటి టోపీలూ ఇచ్చి, వియత్నాం వాళ్ళలా ఉండమంటారు. ఎలా ఉంటారో మాకు తెలియదు, అడిగితే "మీరు మామూలుగా ఎలా ఉంటారో అలాగే" అన్నాడు దుబాసీ.

మగవాళ్ళకి శత్రువుల వేషం. అంటే పొదల్లో దాక్కోవాలి, నెత్తికి ఆకులు కట్టుకోవాలి, దొరక్కుండా ఉండాలి. మా ఆయన సెయ్‌కిచికి ఆ వేషం మహా ఇష్టం. ఒక్కసారి కూడా దొరకలేదని ఊరంతా చెప్పుకుంటాడు. పొదలో పడుకుని సిగరెట్లు కాల్చి, సాయంత్రం ఇంటికొచ్చి ఒళ్ళు నొప్పులంటాడు. ఆడవాళ్ళకేమో ఊళ్ళోవాళ్ళ వేషం. హెలికాప్టర్‌లోంచి చూస్తే పొయ్యిలోంచి పొగ కనబడాలట, కనక మేం నిజంగానే వండాలి. అక్కడ వండి, వాళ్ళు వచ్చి అరిచాక చేతులు తలమీద పెట్టుకుని కూర్చుని, మళ్ళీ కొండ దిగొచ్చి ఇంట్లో వండాలి. అది నటన వంట, ఇది అసలు వంట. రెండింటికీ నీళ్ళు మోసేది మాత్రం నేనే.

పోయిన వానల్లో నేను ఒకసారి చచ్చిపోయాను. చేతికి తెల్లగుడ్డ కట్టుకున్న సైనికుడు ఒకడు తిరుగుతుంటాడు, వాడు ఎవరి మెడలో అట్టముక్క వేస్తే వాళ్ళు చచ్చినట్టు. ఆ రోజు నా మెడలో వేశాడు. పొయ్యి పక్కనే వెల్లకిలా పడుకున్నాను. ఒంటిమీద ఎండ పడుతోంది, ఎవరూ నన్ను పిలవడం లేదు, ఏమీ అడగడం లేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. పెళ్ళయ్యాక పట్టపగలు నడుం వాల్చింది అదే మొదటిసారి. ఇంతలో దుంపల కుండ అడుగంటుతున్న వాసన వచ్చింది. నేనేమీ ఆలోచించలేదు. చచ్చినదాన్ని చచ్చినట్టే లేచి, కుండ దించి, మూత వారగా పెట్టి, మళ్ళీ వచ్చి పడుకున్నాను. వాలు మీద కుర్చీలు వేసుకుని చూస్తున్న దొరలు పగలబడి నవ్వారు. ఆ సాయంత్రం సెయ్‌కిచి నలుగురిలో నా పరువు తీశావన్నాడు. "చావడం కూడా చేతకాదా నీకు?" అన్నాడు.

పక్కింటి నాబె వదిన మాత్రం వారం రోజులు ఆ మాటే తలుచుకుని నవ్వింది. "నీకు బుద్ధి లేదే ఫుమీ. చచ్చే అదృష్టం పట్టినప్పుడు కళ్ళు మూసుకుని పడుకోక, కుండ దించుతావా? నేనైతే నన్నే చంపమని ఆ తెల్లగుడ్డ కుర్రాడికి కన్ను కొడదామనుకుంటున్నాను. నడుం వాల్చడానికి మనకి ఇంకో దారేదీ?" అంది. నేనూ నవ్వాను. అంతవరకూ నాకు ఆ కొండమీది ఆట ఓ వెట్టి మాత్రమే. కట్టెలకి అడవిలోకి పోనివ్వాలంటే చెయ్యక తప్పని వెట్టి. అడవి వాళ్ళ చేతిలో ఉంది, మా పొయ్యిలు అడవి మీద ఆధారపడి ఉన్నాయి. చేశాను.

మా మియెకోకి అయిదేళ్ళు. ఇప్పటిదాకా మా అత్తగారి దగ్గర వదిలి వెళ్ళేదాన్ని. ఇప్పుడు పిల్లలు కూడా కావాలట. పిల్లలు లేకపోతే ఊరు ఊరులా లేదన్నాడట పెద్ద దొర. గ్రామపెద్ద మొరితోకు మా ఇంటికొచ్చి, మా ఆయనతో సారా తాగుతూ చెప్పాడు. "అయిదారుగురు పిల్లలు చాలు. ముందు నీ కూతుర్ని పంపితే మిగతావాళ్ళు వాళ్ళే పంపుతారు. లేదంటే కట్టెల సంగతి మళ్ళీ ఆలోచిస్తామంటున్నారయ్యా." సెయ్‌కిచి అక్కడికక్కడే మాటిచ్చేశాడు. ఆ పక్కనే నేను వాళ్ళకి టోఫు వేయిస్తున్నాను. నూనె చిటపటల్లో వినబడిందా అని కూడా ఎవరూ నన్ను అడగలేదు.

మర్నాటి నుంచీ వాకిట్లో తండ్రీ కూతుళ్ళ పాఠం మొదలైంది. "మియెకో, ఇదిగో నేను అమెరికా వాణ్ణి. ఆయ్ అని అరుస్తా. అప్పుడు నువ్వేం చెయ్యాలి? కూర్చోవాలి. చేతులు తలమీద. అలా కాదురా తల్లీ, వేళ్ళు వేళ్ళలో పెట్టాలి. ఆఁ, భేష్!" పిల్ల కిలకిలా నవ్వేది, సరిగ్గా చేస్తే ఆయనిచ్చే చక్కెర బిళ్ళ కోసం మళ్ళీ మళ్ళీ చేసేది. మా ఆయన చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. కొట్టి నేర్పితే అడ్డుపడేదాన్ని, ముద్దుచేసి నేర్పుతుంటే ఏ మాటతో అడ్డుపడాలో తెలియలేదు.

మూడోనాడో నాలుగోనాడో, మియెకో నీళ్ళ బిందె తోసేసింది. కొండ కిందనుంచి మోసుకొచ్చిన నీళ్ళు. "ఏమిటే ఇది!" అని గట్టిగా అరిచాను. పిల్ల ఉలిక్కిపడి, ఆ తడిలోనే చతికిలబడి, వేళ్ళు వేళ్ళలో పెట్టి చేతులు తలమీద పెట్టుకుంది. నవ్వడం లేదు. నా ముఖంలోకి చూడటం లేదు. నా కాళ్ళవైపు చూస్తోంది.

నేను దాన్ని ఎత్తుకుని చాలాసేపు ఆ తడిలోనే కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది, కానీ ఎవరిమీదో తేలలేదు. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అసలు యుద్ధంలో, ఈ అమెరికా వాళ్ళే మా దీవిమీద దిగినప్పుడు, ఇదే కొండల్లో మా అమ్మ నాకూ నేర్పింది. దగ్గొద్దు, ఏడవొద్దు, కళ్ళెత్తి చూడొద్దు, వాళ్ళు చెయ్యి చూపిస్తే కూర్చో. యుద్ధం అయిపోయింది గాని నేను లేచింది లేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఆయన గొంతు పెరిగితే నా లోపల ఏదో కిందికి కూలబడేది. అత్తగారు గిన్నె ఠపీమని పెడితే కూలబడేది. ఈ ఇంట్లో కూడా ఏడేళ్ళుగా నేను అలా కూర్చునే ఉన్నాను. చేతులు మాత్రం ఎప్పుడూ పనిలో ఉండటం వల్ల ఎవరికీ తెలియలేదు, నాక్కూడా.

ఆ మాట అత్తగారితో అనబోయాను. ఉషి అని ఆవిడ పేరు, మాట కటువు, మనిషి గట్టి. "అత్తయ్యా, పిల్లని పంపడం నాకిష్టం లేదు," అన్నాను. ఇష్టం లేదు అనే మాట ఆ ఇంట్లో నా నోట రావడం అదే మొదలు. ఆవిడ ఎండు చేపలు తిరగేస్తూ ఆగింది.

"ఇష్టాలొచ్చాయా మాకు తెలియకుండా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "చూడమ్మాయ్. నేను ఈ కొండమీంచి చేతులు తలమీద పెట్టుకునే దిగాను. నా పక్కన నీ మొగుడు, పన్నెండేళ్ళ పిల్లాడు, వాడూ అలాగే దిగాడు. గుడ్డలో మూత్రం పోసుకుని దిగాడు. అలా దిగాం కాబట్టే ఇవాళ నీకో మొగుడూ, నీకో కూతురూ ఉన్నారు. చేతులెత్తడం తప్పేం కాదు. బతకడమే."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మా అందుకే నేర్పింది. కానీ వాళ్ళు చావు ఎదురుగా నిలబడితే నేర్పారు. మేం నా కూతురికి చక్కెర బిళ్ళ ఇచ్చి నేర్పుతున్నాం. ఆ తేడాని మాటల్లో పెట్టడం నాకు చేతకాక, ఆవిడ చేతిలోంచి చేపల చేట అందుకున్నాను. ఆవిడ దాన్ని సరే అన్నట్టే తీసుకుంది.

కొండమీది ఆట రోజు పొద్దున్నే మియెకోకి నల్లబట్టలు తొడిగింది అత్తగారే. నేను బిందె ఎత్తుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, మిగతా ఆడవాళ్ళతో కొండెక్కాను. ఏం చెయ్యబోతున్నానో నాకు నిజంగా తెలియదు. పొయ్యి రాజేశాను. దుంపలు పెట్టాను. కాసేపటికి చెట్ల కొనలు వంగిపోయేలా హెలికాప్టర్లు వచ్చాయి, గుడిసెల మీది గడ్డి లేచిపోయింది, పిల్లలు చెవులు మూసుకున్నారు. కంచె అవతల్నుంచి చప్పుడే తప్ప గుండు లేని ఉత్తుత్తి తూటాలు పేలాయి. పొగలోంచి సైనికులు పరుగెత్తుకొచ్చి, నేర్చుకున్న వియత్నాం మాట ఏదో అరిచారు. ఆడవాళ్ళంతా కూర్చున్నారు. నాబె వదిన మోకాళ్ళు పటపటలాడాయి. చేతులు తలమీదికి వెళ్ళాయి.

మియెకో నావైపు చూసింది. దాని చేతులు సగం లేచి ఉన్నాయి. "కూర్చోవాలా అమ్మా?"

ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించాను. "వద్దు. నిలబడు," అన్నాను.

మా ఎదురుగా ఉన్న కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ముఖం మీది రంగు చెమటకి కారుతోంది. ఆ మాటే మళ్ళీ అరిచాడు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోకపోతే ఏం చెయ్యాలో వాడికి ఇంకా నేర్పలేదు కాబోలు, తుపాకీ దించి వెనక్కి చూశాడు. దుబాసీ పరుగెత్తుకొచ్చాడు. "ఏమమ్మా, నీకేమైనా పిచ్చా? ఇక్కడ నువ్వు కూర్చోవాలి! పైన దొరలు చూస్తున్నారు!"

"చూడనివ్వండి. నేను కూర్చోను. నా కూతురూ కూర్చోదు," అన్నాను. ఈసారి మాట పూర్తిగా బయటికి వచ్చింది.

"ఏమే! మతి గానీ పోయిందా?"

బావి వెనక పొదలోంచి మా ఆయన లేచి వచ్చేశాడు. నెత్తిమీద ఆకులు అలాగే ఉన్నాయి. "కూర్చోవే! ఊరి పొయ్యిలన్నీ ఆర్పేస్తావా? కూర్చోమంటుంటే!" అని చెయ్యి ఊపుకుంటూ సూటిగా నా మీదికి వస్తున్నాడు. తాను శత్రువునన్న సంగతే మరిచిపోయాడు. పెళ్ళాన్ని తిట్టే తొందరలో ఆయనకి చుట్టూ ఉన్న సైన్యం కనబడలేదు. ముగ్గురు సైనికులు ఒక్కసారి తిరిగి తుపాకులు గురిపెట్టి గావుకేక పెట్టారు.

ఆయన కూలబడిపోయాడు. ఎవరూ ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద పడి, వేళ్ళు వేళ్ళలో పెట్టి, చేతులు తలమీద పెట్టుకున్నాడు. వాలు మీద దొరలు చప్పట్లు కొట్టారు. కూర్చున్న ఆడవాళ్ళలో ముందు నాబె వదిన, ఆ తర్వాత అందరూ, చేతులు తలమీద ఉంచుకునే నవ్వారు. ఎప్పుడూ దొరకని సెయ్‌కిచి దొరికాడు.

నాకు నవ్వు రాలేదు. ఆయన ముఖం చూశాను కనక. అది నన్ను తిట్టిన మనిషి ముఖం కాదు. పెదవులు పాలిపోయాయి, కళ్ళు సైనికుల బూట్ల మీద ఉన్నాయి. పన్నెండేళ్ళప్పుడు ఈ కొండ దిగిన పిల్లాడు ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్ళూ ఆయన అరుపుల వెనకే దాక్కుని ఉన్నాడు. ఆయన మీద నాకు అంత జాలి ఎప్పుడూ కలగలేదు. ఆ జాలి కోసం నేను మళ్ళీ కూర్చోకూడదని కూడా అప్పుడే తెలిసింది.

దగ్గరికి వెళ్ళి, "లేవండి. వీటిలో అసలు తూటాల్లేవు. మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యరు. ఇంటికి పోదాం పదండి," అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. "వాళ్ళు ఇంకా చెప్పలేదు," అని గొణిగాడు.

రేపట్నుంచి కట్టెలకి పోనివ్వకపోవచ్చు. మొరితోకు వచ్చి అరవవచ్చు, అత్తగారు మాట్లాడటం మానెయ్యవచ్చు. రానీ. మాట్లాడాల్సిన మాట ఏదైనా ఉంటే ఇక నేనూ మాట్లాడతాను. మియెకో చెయ్యి పట్టుకుని నడిచాను. ఆ రంగు ముఖం కుర్రాడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

కంచె దాటాక పిల్ల ఆగి వెనక్కి చూసింది. "అమ్మా, నాన్న ఇంకా కూర్చునే ఉన్నాడు. లేవమని చెప్పవా?"

"చెప్పానమ్మా," అన్నాను. "లేవడం ఎవరికి వాళ్ళే లేవాలి."