రాయి రాని చోటు

మా చెక్క ముక్కల్ని తీసి పొయ్యిలో పెట్టారు. నేను చూశాను. నాతో పాటు షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరూ చూశారు. ఆ రోజు సూపర్‌వైజర్ గారి టీ ఆ మంట మీదే కాగింది.

ఆ చెక్కలంటే ఏమిటో ముందు చెప్పాలి. ఇక్కడ కూడిన మీలో కాలేజీ పిల్లలున్నారు, మిల్లుల్లో ఒళ్ళు హూనం చేసుకునే అన్నలున్నారు. మా పని అందరికీ తెలిసింది కాదు. కొండల మధ్య కట్ట వేసి నీళ్ళు నిలపాలంటే ముందు ఆ నేల కడుపులో ఏముందో చూడాలి. మిషన్ పెట్టి లోతుగా బోరు వేస్తారు. గొట్టంలో ఇరుక్కుని గుండ్రటి రాతి కడ్డీలు పైకొస్తాయి. వాటిని కడిగి, బ్రష్షుతో రుద్ది, రేకు పెట్టెల్లో వరసగా పేర్చడం మా పని. ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి, పుస్తకంలో అక్షరాల్లాగే. రెండు ముక్కలు తారుమారైతే చాలు, బోరు చెప్పేదంతా అబద్ధమైపోతుంది. అందుకే పెట్టెను ఒంచకూడదు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తాలి. ఇక కొన్ని చోట్ల రాయే రాదు. లోపల మెత్తటి మట్టి ఉంటుంది, లేదా ఉత్త ఖాళీ ఉంటుంది. ఆ మేరకు చెక్క కోసి పెట్టి, దాని మీద లోతు రాస్తాం. ఉన్నదాన్ని ఉందని, లేనిదాన్ని లేదని చూపించడానికే మాకు కూలి ఇచ్చేది.

కాంట్రాక్టర్ మనుషులు కట్ట కిందికి వచ్చే బోరు పెట్టెలు తెరిచి చెక్కలన్నీ ఏరేశారు. ఆ ఖాళీల్లో అవతలి కొండ బోరు నుంచి తెచ్చిన నున్నటి రాయి పేర్చారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! పళ్ళు ఊడిన నోటికి కట్టుడు పళ్ళు పెట్టినట్టుంది.

"బాబూ, ఇది ఈ బోరు రాయి కాదే," అన్నాను.

"రాయి రాయే. కడగమంటే కడుగు," అన్నాడు సూపర్‌వైజర్.

"నేను పెట్టిన చెక్కలు తీసేశారు మరి..."

"చెక్కలుంటే కట్టకి అనుమతి ఇస్తారా? కట్ట లేకపోతే నీకు కూలి ఎవడిస్తాడు, మీ మావయ్యా?"

మా మావయ్య పేరు ఎందుకు ఎత్తాడంటే, ఆ బోరు వేసింది ఆయనే. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మిషన్ మీదే బతికిన మనిషి. రాతి పొడి పీల్చి పీల్చి నాలుగు మాటలకోసారి దగ్గుతాడు. ఆ సాయంత్రం విషయం చెప్పగానే గోడకి చేరబడి కూర్చుండిపోయాడు.

"ఆ బోరులో రాడ్డు దానంతటదే జారింది అమ్మాయ్," అన్నాడు. "నేను నొక్కలేదు. మిషన్ తిప్పలేదు. చేతిలోంచి జారినట్టు జారిపోయింది. పైనుంచి పోసిన నీళ్ళు ఒక్క చుక్క తిరిగి రాలేదు. ట్యాంకర్లకి ట్యాంకర్లు తాగేసింది."

"ఆ నీళ్ళన్నీ ఎటు పోయినట్టు?"

"అది రాళ్ళ మేడాన్ని అడుగు."

రాళ్ళ మేడం అంటే మా జియాలజిస్టు. చిన్న పిల్ల, మా తమ్ముడి ఈడు. ఆమెదీ మాలాగే కాంట్రాక్టు ఉద్యోగం, కాకపోతే మేం బ్రష్షులతో చేస్తాం, ఆమె పెన్నుతో చేస్తుంది. మరుసటి రోజు క్వార్టర్ల బావి దగ్గర అందరం కూడాం. మా క్వార్టర్లు కొండ దిగువన, రాబోయే కట్టకి సరిగ్గా కింద. మాకు తాగడానికైనా ఉతుక్కోవడానికైనా ఆ ఒక్క బావే.

మావయ్య రాడ్డు సంగతి చెప్తుంటే మా వదిన అడ్డం పడింది.

"ఉండండి ఉండండి. మీరు ఆ బోరు వేసింది స్కూళ్ళు తెరిచిన వారం కదూ? ఆ వారమే కదా బావి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి! పిల్లల యూనిఫారాలన్నీ మరకలు పడి, ఉతికిన దాన్ని ఉతకలేక చచ్చాను."

"నేనప్పుడే అన్నాను, బావిలో ఎవడో సున్నం కలిపాడని," అన్నాడు హెల్పర్. అతన్ని మేం 'అనుమానం' అని పిలుస్తాం. కట్టుకున్న భార్య కాఫీ ఇచ్చినా వాసన చూసి తాగే రకం.

"నువ్వు నన్ను అన్నావు, సున్నం నేనే కలిపానని!" అని పక్కింటావిడ లేచింది. అందరూ నవ్వారు.

రాళ్ళ మేడం మాత్రం నవ్వలేదు. బావి గట్టు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది.

"అది సున్నం కాదు. బోరులో పోసే తెల్ల బంకమట్టి నీళ్ళవి. కొండ మీద పోస్తే ఇక్కడ తేలాయి. అంటే కొండ కింద నుంచి మీ బావి దాకా దారి ఉంది," అంది మెల్లగా. "కట్ట కట్టి నీళ్ళు నిలిపితే ఆ నీళ్ళు కూడా ఇదే దారి పడతాయి. దారి పోనుపోను పెద్దదవుతుంది. చివరికి కట్ట కింద నేలే కొట్టుకుపోతుంది."

"అప్పుడు?"

ఆమె క్వార్టర్ల వైపు చూసింది.

జీపు డ్రైవర్ ముందుగా తేరుకున్నాడు. "బాగుంది. కట్ట ఆగిపోతే రేపు పొద్దున్న మనకి పనుంటుందా? నీళ్ళొచ్చి చచ్చేది ఎప్పుడో. ఆకలితో చచ్చేది వచ్చే నెలే."

"నువ్వు కాంట్రాక్టర్ జీపు తోలుతున్నావు కాబట్టి వాడి పాటే పాడతావు!"

"పాడతాను. ముగ్గురు పిల్లలు నాకు. నువ్వు పెడతావా తిండి?"

మాటా మాటా పెరిగింది. మావయ్య దగ్గు ఆపుకుని చెయ్యెత్తాడు. "ఒరే, కట్ట వద్దని ఎవరన్నారు? ఆ దారి మూసి కట్టమంటున్నాం. సిమెంటు పాలు పోస్తే మూసుకుంటుంది. ఏడాది పని, డబ్బు ఖర్చు. వాళ్ళు డబ్బు మిగుల్చుకుని మన ప్రాణాలు ఖర్చు పెడుతున్నారు. అదీ సంగతి."

అందరం కలిసి పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని వరండాలోనే నిలబెట్టాడు.

"రాళ్ళు చదవడం మీకెప్పుడు వచ్చిందయ్యా?" అన్నాడు.

"నేను చదువుతాను సార్," అంది మేడం.

"నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది కదమ్మా?" అన్నాడాయన, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకి నాకు ఒళ్ళు మండిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది మా పని. కాదు, చెవిటివాడు నయం. ఈయనకి అంతా వినిపించింది.

ఇక మిగిలింది తనిఖీ కమిటీ. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వస్తారు, పెట్టెలు చూసి సంతకం చేస్తారు అన్నారు. తీరా చూస్తే వాళ్ళు షెడ్డు దాకా రారట, దారి బురదట. గెస్ట్‌హౌస్ ముందు టెంటు వేసి, అక్కడే పెట్టెల ఫొటోలు చూపిస్తారట. కట్టుడు పళ్ళ ఫొటోలు!

"వాళ్ళు షెడ్డుకి రాకపోతే షెడ్డే వాళ్ళ దగ్గరికి వెళ్తుంది," అంది వదిన.

అలా పుట్టింది ఆ ఆలోచన. కమిటీ వచ్చే రోజు పొద్దున్నే షెడ్డులో చేరి దొంగ రాళ్ళన్నీ ఏరి అవతల పడేశాం. మనిషికో పెట్టె అనుకున్నాం. బోరు ఏ వరసలో ఉందో ఆ వరసలోనే నిలబడాలి. పై మట్టి పెట్టె ముందు, అడుగు రాయి పెట్టె చివర. మరి చెక్కలు? చెక్కలు బూడిదయ్యాయి కదా.

"చెక్కలు కాల్చారు. మనుషులున్నాంగా," అన్నాడు మావయ్య. "రాయి రాని చోట ఒట్టి చేతులతో నేను నిలబడతాను." ఆయన పక్కన మరికొందరు లేచారు.

గెస్ట్‌హౌస్ దారిలో మేం నిలబడ్డ తీరు మీరు చూసి ఉండాల్సింది. ఎండకి కడ్డీలు తడి తడిగా మెరుస్తున్నాయి. పై మట్టి పెట్టెతో వదిన, వెనక ఎర్ర మట్టి, ఆ వెనక పగుళ్ళ రాయి పెట్టెతో నేను. నా వెనక మావయ్య, ఒట్టి చేతులు. డ్రైవర్ దూరంగా జీపులో కూర్చుని చూస్తున్నాడు. ఎవరం నినాదం ఇవ్వలేదు. నేల తనే లేచి వచ్చి నిలబడినట్టుంది, నిజం చెప్తున్నా, నా గుండె ఉప్పొంగింది.

కమిటీలో ఒక ముసలాయన కుర్చీలోంచి లేచాడు. కళ్ళద్దాలు సర్దుకుంటూ వదిన దగ్గర మొదలుపెట్టి ఒక్కో పెట్టె వంగి చూశాడు. నా పెట్టెలో రాయి వేలితో తడిమాడు. మావయ్య దగ్గర ఆగాడు.

"ఇక్కడ?"

"ఇక్కడ రాయి రాలేదండి. రాడ్డు దానంతటదే జారింది."

"ఎంత మేర?"

"ఇదిగో, నా దగ్గర్నుంచి అదిగో, ఆ పిల్లాడి దాకా."

ముసలాయన ఆ ఒట్టి చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ క్షణం మేం గెలిచామనే అనుకున్నాం. పెద్ద ఇంజనీరు ఎవరికో సైగ చేశాడు. ఆ తర్వాత లాఠీలు దిగాయి.

దెబ్బల గురించి చెప్పను, అవి మీకూ తెలిసినవే. పెట్టెల గురించి చెప్తాను. ఒంచకూడని పెట్టెలు బోర్లా పడ్డాయి. కడ్డీలు దారి పొడుగునా దొర్లాయి, ఏది పైదో ఏది కిందిదో తెలియకుండా కలిసిపోయాయి, వాటి మీద బూట్లు నడిచాయి. మేడం మోకాళ్ళ మీద కూర్చుని రెండు ముక్కలు అతికించి చూస్తోంది, అతకడం లేదు, మళ్ళీ ఇంకో ముక్క తీసుకుంటోంది. "అమ్మాయ్, లే," అంటున్నా వినదు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మేమే చేతులారా రోడ్డు మీదికి తెచ్చాం. రాయిని చూపిస్తే చాలు, నిజం గెలుస్తుందని నమ్మాం. లాఠీ రాయిని కూడా కొడుతుందని మాకు తట్టలేదు.

కమిటీ రాసిందేమిటో వినండి. కూలీలు దౌర్జన్యం చేసి నమూనాలు ధ్వంసం చేశారు కాబట్టి, అంతకు ముందు తీసిన ఫొటోల ఆధారంగా నేల గట్టిదని నిర్ధారించడమైనది. ముసలాయన కూడా సంతకం పెట్టాడు.

శాస్త్రీయ నమూనాలు పాడుచేసిన నేరం కింద మావయ్యను పట్టుకుపోయారు. జైలు గదిలో ఆ ఊపిరితిత్తులు ఎన్నాళ్ళు ఆగుతాయి? కట్టకి మొదటి లారీ మట్టి పడిన వారమే ఆయన్ని గుడ్డ చుట్టి మాకు అప్పగించారు. మోయడానికి నలుగురు అక్కర్లేదు, అంత తేలికైపోయాడు. మేడం ఉద్యోగం పోయింది. ఊరికి పోకుండా మా క్వార్టర్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పుకుంటోంది. కొందరు ఇళ్ళు ఖాళీ చేసి పోయారు. పోవడానికి చోటు లేనివాళ్ళం ఆ కట్ట పనికే వెళ్ళాం. అవును, మా చేతులతో మేమే మోశాం ఆ మట్టి. ఎందుకు మోశారని అడిగేవాళ్ళు ఒక పూట మా పొయ్యి దగ్గర కూర్చుని అడగండి.

కట్ట పూర్తయింది. రిబ్బన్ కట్ చేశారు. వానలు పడ్డాయి, నీళ్ళు నిండాయి, నిజంగా చూడముచ్చటగానే ఉంది.

ఒక రోజు పొద్దున్న వదిన బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. బకెట్టు నా ముందు పెట్టింది. నీళ్ళు తెల్లగా ఉన్నాయి.

మేడం చెయ్యి ముంచి చూసింది. "కట్ట కింద నేల కరిగి వస్తోంది. నీళ్ళు దించాలి. తూములు తెరిచి వెంటనే దించాలి," అంది. ఇంజనీరు ఆఫీసుకి పరిగెత్తి చెప్పొచ్చింది. వానకి బావి నీళ్ళు మురికవడం మామూలేనన్నారట.

అప్పుడు హెల్పర్ 'అనుమానం' లేచాడు. ఆ మనిషి మొహంలో మొట్టమొదటిసారి అనుమానం లేదు. "పదండి. వరసలో నిలబడదాం," అన్నాడు.

"పెట్టెలేవి?"

"ఎవరి పెట్టె వాళ్ళకి గుర్తులేదూ?"

ముసలివాళ్ళకి పిల్లల్ని అప్పగించి ఎదురు కొండ ఎక్కించాం. మేం కట్ట ఎక్కాం. చేతుల్లో ఏమీ లేదు. వదిన ముందు నిలబడింది, ఆ వెనక ఎర్ర మట్టి, ఆ వెనక నేను. నా వెనక మావయ్య చోటు. అక్కడ ఎవరూ నిలబడలేదు. ఆ ఖాళీ దాటి మిగతావాళ్ళు నిలబడ్డారు. జీపు డ్రైవర్ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు.

"నాకు పెట్టె లేదు కదా అక్కా. ఎక్కడ నిలబడను?"

"చివర నిలబడు తమ్ముడూ. బోరు ఇంకా లోతుకి వెళ్ళాలి."

వ్యాన్లు వచ్చాయి. పోలీసు అధికారి తూము వంక చూడనైనా లేదు. "పేర్లు చెప్పండి ఒక్కొక్కరూ," అన్నాడు.

"పై మట్టి," అంది వదిన.

"ఎర్ర మట్టి."

"పగుళ్ళ రాయి," అన్నాను నేను.

"వేళాకోళమా? ఇక్కడ ఈ సందేంటి? దగ్గరికి జరగండి!"

ఎవరూ కదల్లేదు. ఆయనకి కోపం వచ్చి తనే వచ్చి ఆ ఖాళీలో నిలబడి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అక్కడ రాయి రాలేదు సార్," అన్నాను. "మీ కాళ్ళ కింద ఏమీ లేదు."

ఆయన ఒక్కసారి కిందికి చూసుకున్నాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు గానీ, చూసుకోవడం మేమంతా చూశాం.

తూములు తెరవలేదు. నేను మీకిది చెప్తున్న ఈ రోజుకీ తెరవలేదు, బావి నీళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. మమ్మల్ని వ్యాను ఎక్కించడం వదినతో మొదలుపెట్టారు. ఎర్ర మట్టి ఎక్కింది, నేను ఎక్కాను. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి మిగతావాళ్ళు కూర్చున్నారు. వరస తప్పలేదు.