తల్లి పేరు గవ్వ

మా తమ్ముడు పోయిన రోజు మధ్యాహ్నం నేను స్టాఫ్‌రూమ్‌లో ఏడో తరగతి కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతున్నాను. మరదలు ఫోన్ చేసింది. కుక్కలకు నీళ్ళు పెడుతూ పెరట్లో కూలబడ్డాడని, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందని చెప్పింది. చేతిలో ఉన్న పుస్తకం చివరిదాకా దిద్ది, మార్కులు వేసి, సంతకం పెట్టి అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. వాడికి నలభై ఆరేళ్ళు. నాకంటే ఆరేళ్ళు చిన్న.

వాడు లాబ్రడార్ పిల్లల్ని పెంచి అమ్మేవాడు. ప్రతి పిల్లతోపాటు వంశపత్రం ఇచ్చేవాడు. తండ్రి పేరు, తల్లి పేరు, వాటి తల్లిదండ్రుల పేర్లు, ఈనిన తేదీ, ఆ కాన్పులో ఎన్ని పిల్లలు, ఏ ఏ రంగులు, అన్నీ ఒక దళసరి కాగితం మీద గళ్ళు గీసి రాసి ఉండేవి. ఆయన కాగితం ఇచ్చాడంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదని జనం అనేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా లోపల్లోపల పొంగిపోయేదాన్ని. ఎందుకంటే ఆ కాగితాలు రాసింది నేను.

వాడి చేతిరాత కోడి కెలికినట్టు ఉండేది. చిన్నప్పుడు హోంవర్కు నేనే రాసిపెట్టేదాన్ని. పెద్దయ్యాక ఆదివారాలు మా ఇంటికి వచ్చి, కుర్చీని వెనక్కి తిప్పి కూర్చుని, "నీవి ముత్యాల్లాంటి అక్షరాలక్కా. నువ్వు రాస్తే మా కుక్కలక్కూడా దొరబిడ్డల కళ వస్తుంది" అనేవాడు. వాడు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. స్కూల్లో వారమంతా పిల్లలకు డిక్టేషన్ చెప్పి, ఆదివారం వాడి డిక్టేషన్ రాసుకునేదాన్ని. రాసిన ప్రతిదానికీ ఒక నకలు, కొన్నవాళ్ళ చిరునామాతో సహా, పొడుగు నోటుపుస్తకంలో ఉంచేదాన్ని. అది నా అలవాటు.

వాడు పోయిన రెండు నెలలకు మా వీధి చివర బట్టలు కుట్టే దర్జీ ఒక సాయంత్రం వచ్చాడు. అతని కూతురు నా ఏడో తరగతిలోనే చదువుతుంది. వాళ్ళింట్లో ఉన్నది మా తమ్ముడు అమ్మిన కుక్కే. దానికి ఏడాదిన్నర. ఈ మధ్య వెనక కాలు ఈడుస్తోందని, ఎక్స్‌రే తీస్తే తుంటి ఎముక గూట్లో సరిగ్గా కూర్చోలేదని తేలిందని చెప్పాడు. ఇది పుట్టుకతో రావచ్చు, పసితనంలో మెట్ల మీద అతిగా పరిగెత్తించినా ముదరవచ్చు అన్నాడట పశువైద్యుడు. తల్లి కాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కు రమ్మన్నాడట.

దర్జీ ప్లాస్టిక్ కవరులోంచి వంశపత్రం తీసి బల్ల మీద పెట్టాడు. 'తల్లి పేరు: గవ్వ' అని నా అక్షరాలే నన్ను చూశాయి. గవ్వ మా తమ్ముడి ఇంట్లోనే ఉంది. తొమ్మిదేళ్ళు నిండినా ఇప్పటికీ పెరటి గోడ దూకుతుంది. ఆ సంగతే చెప్పాను.

అతను తల వంచుకున్నాడు. "అయితే మా తప్పేనండీ. మాది మూడో అంతస్తు. పిల్లది దాన్ని రోజూ మెట్ల మీద పందెం పెట్టి దించేది. మొన్న ఎక్స్‌రే చూశాక ఒళ్ళు మండి పిల్ల మీద చెయ్యి చేసుకున్నాను. అప్పట్నుంచీ అది కుక్క దగ్గరికే పోవట్లేదు." బల్ల మీది కాగితం వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "తమ్ముడుగారిని అనుమానించి కాదు టీచర్ గారూ. డాక్టరు అడిగి రమ్మన్నాడు. కాగితంలో ఉన్న తల్లీ, దీన్ని కన్న తల్లీ ఒకటేనా?"

నాకు మొహాన కొట్టినట్టయింది. పోయినవాడు లేచి వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా అనిపించింది. పరీక్ష చేయించి రాతపూర్వకంగా ఇస్తానన్నాను. అంత అక్కర్లేదని అతను ఎంత చెప్పినా వినలేదు. నాకు కావలసింది ఆ కుక్క కాలు బాగవడం కాదు. మా తమ్ముడి మాట నిలబడాలి, అంతే.

ఇంటి దగ్గరే నమూనా తీసి పంపితే డీఎన్ఏ చూసి చెప్పే సంస్థలు చాలా ఉన్నాయి. మూడు సాయంత్రాలు వాటి ప్రకటనలు చదివాను. ఒకదాని మీద రంగురంగుల చక్రం ఉంది. 'మీ కుక్కలో ఏ జాతి ఎంత శాతమో చెబుతాం' అని రాసి ఉంది. అదే బాగుందనుకున్నాను. స్కూల్లో జీవశాస్త్రం చెప్పే మేడమ్‌కు చూపిస్తే నవ్వింది. "మీకు కావాల్సింది జాతా, జబ్బా, చుట్టరికమా? ముందది తేల్చుకోండి. మూడూ మూడు దుకాణాలు" అంది. నూటికి నూరుపాళ్ళు లాబ్రడార్ అని వచ్చినంత మాత్రాన కాగితంలో రాసిన తల్లే తల్లి అయిపోదట. మేలుజాతి కుక్కకు కూడా ఎవరో ఒకరు తప్పుడు తల్లిని రాయవచ్చు. వంశపత్రం అంటే రాసినవాడి మాట, అంతకుమించి ఏమీ కాదు అంది. తల్లిదీ పిల్లదీ రెండు నమూనాలూ అడిగి, పక్కపక్కన పెట్టి పోల్చే సంస్థనే నమ్మమంది. డీఎన్ఏలో ఎన్ని గుర్తులు పోలుస్తారో ముందే చెప్పనివాళ్ళ జోలికి పోవద్దంది. అలాంటి ఒకదాన్ని ఎంచుకుని, రెండు పెట్టెలు తెప్పించాను.

ఒక్కో పెట్టెలో దూది చుట్టిన రెండు పుల్లలు, ఒక కాగితం కవరు ఉన్నాయి. నమూనా తీసే గంట ముందు నుంచీ కుక్కకు తిండి పెట్టకూడదు, వేరే కుక్క మూతి దాని మూతికి తగలకూడదు. నేను సూచనలు రెండుసార్లు చదివి, కవర్ల మీద పేర్లు ముందే రాసుకుని వెళ్ళాను.

మా తమ్ముడి ఇంట్లో మరదలు గవ్వను వరండాలో విడిగా కట్టి ఉంచింది. పుల్ల బయటకు తీస్తుంటే అడిగింది. "ఎందుకొదినా ఇదంతా? పోయినాయన్ని పోనివ్వకూడదూ?"

"వాడి మీద పరీక్ష కాదమ్మా. వాడి కోసమే" అన్నాను.

ఆమె వంగి గవ్వ తల గట్టిగా పట్టుకుంది. బుగ్గ లోపల పుల్ల తిప్పుతున్నంతసేపూ గవ్వ నా మణికట్టు నాకడానికే చూసింది.

మర్నాడు దర్జీ ఇంటికి వెళ్ళాను. కుట్టుమిషను పక్కన గోనెసంచి మీద పడుకుని ఉంది కుక్క. నన్ను చూసి లేవబోయి, వెనక భాగం లేవక మళ్ళీ కూర్చుంది. దర్జీ కూతురు తలుపు పక్కన నిలబడి ఉంది. కుక్క తల పట్టుకోమని పిలిచాను. వచ్చి రెండు వేళ్ళతో, అంటీ ముట్టనట్టు పట్టుకుంది. కుక్క దాని ఒళ్ళో గడ్డం పెట్టేసింది.

"ఈ పరీక్షతో ఎవరి తప్పో తెలుస్తుందా టీచర్?" అని అడిగింది.

"తెలుస్తుంది" అన్నాను.

ఇరవై రోజులకు ఫలితం వచ్చింది. స్కూలు ప్రింటరులో తీసుకున్నాను. నిండా అంకెల వరసలు. కింద ఒక వాక్యం ఉంది. 'ఈ రెండు నమూనాల మధ్య తల్లీబిడ్డల సంబంధం లేదు.'

ముందు సంస్థను అనుమానించాను. తర్వాత నన్ను. కవర్లు తారుమారైనా పోల్చేది ఆ రెండిటినే కాబట్టి జవాబు ఇదే వస్తుందని అప్పుడు తోచింది. జీవశాస్త్రం మేడమ్ అంకెల వరసలు వేలితో చూసుకుంటూ పోయింది. "ప్రతి గుర్తు దగ్గరా తల్లి నుంచి సగం రావాలి. ఇక్కడ చాలాచోట్ల అసలు కలవలేదు. సందేహమే లేదు" అంది. ఎవరి కుక్కలని అడిగింది. తెలిసినవాళ్ళవి అన్నాను.

సాయంత్రం మరదలి దగ్గరికి వెళ్ళాను. పెరట్లో కుక్కల గిన్నెలు తోముతోంది. కాగితం చూపించాను. చేతులు తుడుచుకోలేదు, కాగితం అందుకోలేదు.

"మీకు తెలుసనుకున్నా వదినా. రాసింది మీరే కదా" అంది.

ఆ తర్వాత మెల్లగా చెప్పింది. గవ్వ ఈనకముందే వాడు ఎనిమిది ఇళ్ళకు మాటిచ్చాడు. పుట్టినవి అయిదు. ఒక్కరికీ లేదని చెప్పలేకపోయాడు. లేదనడం వాడికి పుట్టుకతోనే చేతకాదు. ఊరవతల ఒకడి దగ్గర అదే ఈడు పిల్లలు మూడు ఉంటే పట్టుకొచ్చాడు. "వాటి తల్లిని నేను చూశా. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేది. పిల్లలకు రాదులే అన్నారాయన" అంది. మిగతా కాన్పుల సంగతి అడిగాను. ఇదొక్కటే అని వాడు చెప్పాడట. తను రెట్టించి అడగలేదట.

మా ఇంటికి వచ్చి పొడుగు నోటుపుస్తకం తీశాను. ఆ పేజీలో 'పిల్లలు: ఎనిమిది' అని గుండ్రంగా, కొట్టివేత లేకుండా రాసి ఉంది. ఆ ఆదివారం నాకు గుర్తుంది. అంతకు పది రోజుల ముందు, గవ్వ ఈనిన మర్నాడు, నేను వెళ్ళి చూశాను. దాని పొట్ట దగ్గర అయిదు పిల్లలున్నాయి. వేలితో చూపిస్తూ లెక్కపెట్టాను. అందుకే వాడు ఎనిమిది అనగానే కలం ఆపి, "అయిదే కదరా?" అని అడిగాను. "మూడింటికి పాలు చాలట్లేదక్కా. అవతలి గదిలో పెట్టి సీసాతో పడుతున్నాం" అన్నాడు. నా మొహం చూడకుండా కుర్చీ వీపు మీద గోటితో గీస్తూ అన్నాడు. చిన్నప్పుడు లెక్కల పుస్తకం పోయిందని అబద్ధం చెప్పినప్పుడు కూడా అలాగే గీసేవాడు. నేను చూశాను. చూసి, రాశాను.

తరగతిలో ఎవడైనా పక్కవాడి జవాబు చూసి రాస్తే, రాసినవాడికీ చూపించినవాడికీ ఇద్దరికీ సున్నా వేస్తాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే నా పద్ధతి.

మర్నాడు ఏడో తరగతి కాంపోజిషన్ పుస్తకాలు వచ్చాయి. 'నేను చేసిన ఒక తప్పు' అనే అంశం నెల మొదట్లో నేనే ఇచ్చాను. దర్జీ కూతురు పేజీన్నర రాసింది. కుక్క చిన్నగా ఉన్నప్పుడు దానితో మెట్ల మీద పందెం వేసేదాన్నని, గెలవాలని దాన్ని తరిమేదాన్నని, ఇప్పుడు అది నడవలేకపోవడానికి తనే కారణమని రాసింది. చివర 'అయినా అది నన్ను చూస్తే తోక ఊపుతుంది, అందుకే నేను దాని వైపు చూడను' అని రాసింది.

ఫలితం కాగితం అప్పుడు నా చేతిసంచిలోనే ఉంది. నేను నాలుగు ఒత్తులు సరిచేశాను. ఒకచోట విరామచిహ్నం పెట్టాను. పదికి ఏడు వేసి, సంతకం పెట్టి, దొంతరలో కింద పెట్టాను. మధ్యాహ్నం పుస్తకాలు పంచేటప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ చాచి అందుకుంది. ఏడు చూసుకుని, నా మొహం వైపు చూసింది. తర్వాతి పేరు పిలిచాను.

పోయిన వారం దర్జీ వీధిలో కలిసి, ఫలితం వచ్చిందా టీచర్ గారూ అని అడిగాడు. ఇలాంటివి ఆలస్యమవుతాయి అన్నాను. అతను నమ్మాడు. టీచరు మాట కదా. కుక్కకు మందులు మొదలుపెట్టామని, పిల్ల మాత్రం ఇంకా అలాగే ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎనిమిది కాగితాల్లో మూడింటిలో తల్లి పేరు అబద్ధం. ఒకటి దర్జీ ఇంట్లో ఉంది. మిగతా రెండు ఏ ఇళ్ళలో ఉన్నాయో నోటుపుస్తకం చూసి చెప్పలేను. అన్నిట్లోనూ తల్లి పేరు గవ్వే. కాబట్టి ఎనిమిది ఇళ్ళకూ వెళ్ళాలి, లేదా ఉత్తరం రాయాలి. చిరునామాలు నా దగ్గరే ఉన్నాయి.

ఫలితం కాగితం ఇప్పుడు నా బల్ల సొరుగులో, పొడుగు నోటుపుస్తకం కింద ఉంది. ఏ ఇంటికీ రాయలేదు. దర్జీకి చెప్పలేదు. ఆ పిల్ల రోజూ మొదటి పీరియడ్‌లో రెండో బెంచీలో నా ఎదురుగా కూర్చుంటుంది. దానికీ ఇంకా చెప్పలేదు.