మంగయ్య పంచనామా మొదటి మాట

హెడ్ కానిస్టేబుల్ మంగయ్య దస్తూరి చూడ ముచ్చటగా ఉంటది. ఏ పంచనామా అయినా ఆయన మొదలు ఒక్కటే: ‘మేము స్వయంగా స్థలమునకు పోయి చూడగా’. పోయినా అదే, పోకున్నా అదే. పదిహేనేండ్ల దిక్కుమాలిన అలవాటు. మనసు ఇంకా ఆలోచించకముందే చెయ్యి రాసేసేది.

ఎనభై ఆరు ఆగస్టుల వాగు పొంగింది. ఎస్సై భద్రాచలంల వరద డ్యూటీ మీద ఉన్నడు. అవతలి ఒడ్డు తండాల ఉండే హేమ్లి వాగు అంచుకు వచ్చి, ఇవతల నిలబడ్డ మంగయ్యకు నీళ్ల మీదుగా కేకేసి చెప్పింది. కలప కాంట్రాక్టరు మనిషి బిక్షపతి ఆమె కొడుకు దస్రును చేను గట్టు మీద గొడ్డలితో కొట్టిండు. ఆమె కండ్లార చూసింది. కొన ఊపిరితో ఉన్న కొడుకును ఇంటికి మోసుకపోయింది. పాణం ఇంట్లనే పోయింది.

వాగు దాటే దారి లేదు. మంగయ్య స్టేషన్లనే కూసొని రాసిండు: ‘మేము స్వయంగా స్థలమునకు పోయి చూడగా, శవము చేను గట్టుపై పడి ఉన్నది.’ కొట్టిన కాడనే శవం అని రాసుడు గూడ ఆ చేతికి అలవాటే. చాయ్ హోటల్ కాడి ఇద్దరిని పిలిచి, వాండ్లు గూడ చూసినట్టు పంచుల సంతకాలు పెట్టించిండు. వాగు తగ్గినంక శవాన్ని దవాఖానాకు పంపిండు. ఇంత మంచిగ రాసిన కేసుకు ఢోకా లేదనుకున్నడు, ఏం మనిషో.

రెండేండ్లకు కోర్టుల హేమ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. బిక్షపతి వకీలు పంచనామా తీసిండు.

“శవం గట్టు మీదనే ఉన్నదని పోలీసు రాసిండు. ఇంటికి మోసిన అంటున్నవు. నువ్వసలు ఆడ ఉన్నవా?”

హేమ్లి మంగయ్య దిక్కు చూసింది. తర్వాత బోనెక్కింది ఆయనే.

“గట్టు మీద శవాన్ని నువ్వు స్వయంగా చూసినవా?” అని అడిగిండు వకీలు.

పోలేదంటే నౌకరీ పోతది. ఇంట్ల నలుగురు పిల్లలు.

“చూసిన,” అన్నడు.

అంతే, కన్నతల్లి మాట అబద్ధమైపోయింది. బిక్షపతిని ఇడిచిపెట్టిండ్రు.

బయట మెట్ల మీద హేమ్లి ఆగింది. తిట్టలేదు. తిడితే ఆయనకు జర నయమనిపించేది.

“వాగు నిండ పారుతుండె, నువ్వు రాలేవని నాకెరికే సారూ. రాలేదని రాస్తే నిన్నెవరన్న తప్పు పడుదురా?”

మంగయ్య తల దించుకున్నడు. ఆమె ముంత, సంచి పట్టుకొని బస్సు కాడికి నడిచింది. ముందు సీట్ల బిక్షపతి కూసొని ఉన్నడు. తండా దిక్కు పోయేటందుకు ఆ పూట ఇంకో బస్సు లేదు.