మీరు కాస్త బయట కూర్చోండి

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మాయ్,” అన్నారు అత్తగారు, మనవరాలు ముట్టని కంచాన్ని కోడలి వైపు జరుపుతూ. ఊళ్లో పిల్లలందరికీ వైద్యం చేసే డాక్టరమ్మ ఆ కంచం తీసుకెళ్లి కడిగింది. పదిహేనేళ్ల కూతురు వారం నుంచి సరిగ్గా తినడం లేదు, బడికి వెళ్లడం లేదు, గది తలుపు తీయడం లేదు. భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “మెల్లగా కూర్చోబెట్టి అడుగు. ఏం చెప్పిందో సాయంత్రం నాకు చెప్పు,” అన్నాడు. తను అడగడు. ఆ ఇంట్లో అడగడం ఆమె పని, తీర్పు చెప్పడం ఆయన పని. పోయిన నెల ఆ పిల్ల అమ్మ పక్కన పడుకుని, డాక్టరు చదువు నాకొద్దమ్మా అని గొణిగింది. మర్నాడు భోజనాల దగ్గర నాన్న ఇంటి పరువు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. పిల్ల ఆయన వంక చూడలేదు. అమ్మ వంకే చూసింది. అప్పటినుంచి ఆ తలుపు మూసే ఉంది.

ఎదిగే పిల్లలతో ఎలా మెలగాలో కుర్ర డాక్టర్లకు నేర్పే పని ఆసుపత్రిలో ఆమెకే అంటగట్టారు. “మీరు తల్లి కదా, సహజంగా వచ్చేస్తుంది,” అన్నారు పెద్ద డాక్టరుగారు. సహజంగా వచ్చేదాన్ని పని అనరు కాబోలు, ఓపీలో ఒక్క పూట కూడా తగ్గించలేదు.

ఆ రోజు పాఠం నాటకంలా సాగింది. గడ్డం కుర్రాడు పదిహేనేళ్ల ఆడపిల్ల. కళ్లజోడు అమ్మాయి డాక్టరు. తల్లి వేషం ఈసారి మేడం మీద పడింది.

“తిండి ఎందుకు మానేశావమ్మా?” అని కళ్లజోడు అమ్మాయి అడిగింది. గడ్డం కుర్రాడు నోరు తెరిచేలోపే తల్లి అందుకుంది. “చిన్నప్పటినుంచీ మొండిదండీ. దీనికి మేమేం తక్కువ చేశాం చెప్పండి. అడిగితే ఉలకదు, పలకదు.”

“అచ్చు మా అమ్మే మేడం,” అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అందులో కల్పించింది ఒక్కటీ లేదు. పొద్దున మూసిన తలుపు ముందు నిలబడి తను అన్న మాటలే అవి.

కళ్లజోడు అమ్మాయి, మేడం నేర్పినట్టే, లేచి తలుపు తీసింది. “అమ్మా, మీరు కాస్త బయట కూర్చోండి. తనతో విడిగా మాట్లాడతాను. ప్రాణం మీదికొచ్చే విషయమైతే తప్ప, తను చెప్పింది మీకు కూడా చెప్పను.”

ఆ మాట ఎంతమందికి నేర్పిందో లెక్కలేదు. అనిపించుకోవడం మాత్రం ఇదే మొదలు. వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినపడక ముందు ఒళ్లు మండింది. నాటకమని తెలిసి కూడా భయమేసింది. ఆ తర్వాత, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, హాయిగా అనిపించింది. తనని ఎవరైనా కూర్చోమని ఎన్నాళ్లయిందో. పాఠం అయిపోయిందని పిలిచినా ఇంకాసేపు లేవలేదు.

నాకు కాదు, ఇంకొకరికి చెప్పుకో అని మూసిన తలుపు బయటనుంచే ఒప్పించి, మర్నాడు కూతుర్ని వెంటపెట్టుకుని ఆ కళ్లజోడు అమ్మాయి గదికే వచ్చింది. గుమ్మం దగ్గర పిల్ల ఆగింది.

“నువ్వూ వస్తావా?”

“రాను.”

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

బయటికొచ్చేసరికి దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె ఏమీ అడగలేదు. ఇంటికెళ్లే దారిలో ఆకలేస్తోందని పిల్లే అంది.

సాయంత్రం భర్త చెప్పులు విప్పకుండానే అడిగాడు. “ఏం చెప్పింది?”

“నేను బయట కూర్చున్నాను.”

“తల్లివి, నీకు తెలియకపోతే ఎలా?”

“చెప్పాలనిపించినప్పుడు చెబుతుంది,” అంది ఆమె, కూతురు తిని ఖాళీ చేసిన కంచం తీస్తూ. “అప్పుడు కూడా నేను మీకు చెప్పను.”