కుడివైపు మీట

ఆఫీసులో ఆమెను అందరూ టిక్కు అంటారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. వీడియో గేముల్లో వచ్చే పతకాలను పరీక్షించడం ఆమె పని. ఆడేవాళ్ళు ఏదో ఒకటి సాధించగానే తెర మూలన చిన్న బిళ్ళ మెరిసి, టింగుమని మోగి, "శభాష్, వంద చేపలు పట్టారు" అంటుంది చూడండి, అదీ పతకమంటే. వందో చేపకు అది రావాలి, తొంభై తొమ్మిదో చేపకు రాకూడదు. వస్తే "వచ్చింది" అన్న గడిలో టిక్కు, రాకపోతే "రాలేదు" అన్న గడిలో టిక్కు. ఆరేళ్ళుగా పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా అదే పని.

పాపం వంద చేపలూ పట్టాలేమో అని జాలి పడకండి. కంపెనీవాళ్ళకు దొడ్డిదారి ఉంటుంది. ఒక మీట నొక్కితే లెక్క తొంభై ఎనిమిదికి చేరిపోతుంది, ఇంకో రెండు పడితే చాలు. చేప ఎలా గింజుకుందో, నీళ్ళమీద ఎండ ఎలా పడిందో చూసే తీరిక టిక్కుకు లేదు. ఆమె చూపెప్పుడూ తెర పై మూలనే. చిన్నప్పుడు ఆటలంటే పడిచచ్చేది, అన్నం పళ్ళెం పక్కన పెట్టుకుని ఆడేది. ఇప్పుడు ఆట అన్న మాట వింటే ఏమీ అనిపించదు. విసుగు కూడా కాదు. విసుగులోనైనా కాస్త ప్రాణం ఉంటుంది.

ఆ పతకాలకు పేర్లు పెట్టే ఆయన పక్క సీటులో కూర్చుంటాడు. ఆయన్ని బిరుదులాయన అంటారు. మూడుసార్లు గోతిలో పడ్డవాడికి "గోతుల ఘనాపాఠి", పావుగంట ఏమీ చెయ్యకుండా నిలబడ్డవాడికి "స్తంభశ్రీ". ఆయనకు తన పనిమీద మహా నమ్మకం.

"పతకం తీసేసి చూడు టిక్కూ, సగంమంది మొదటి వంతెన కూడా దాటరు. మనిషన్నాక వీపుమీద ఎవరో ఒకరు తట్టాలి," అనేవాడు టీ తాగుతూ.

"తట్టేది మనిషైతే సరే, ఇక్కడ తట్టేది తెరమీద బిళ్ళే కదండీ," అని ఒకసారి అంది టిక్కు. అని, తనకు ఆ విషయంలో ఏ అభిప్రాయమూ లేదని గుర్తొచ్చి, టీ కప్పు కడుక్కుని సీటుకు వెళ్ళిపోయింది.

ఆమెకూ నాన్నకూ ఒకరికొకరే. తల్లి పోయి నాలుగేళ్ళయింది. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ దగ్గర బల్ల, బల్లమీద కంటికి బిగించుకునే భూతద్దం, వెంట్రుకవాసి స్క్రూలు ఎత్తే సన్నటి పట్టకారు. ఒకరోజు పొద్దున ఆ పట్టకారు ఆయన చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు, నోట్లో మాట ముద్దయింది. ఆసుపత్రిలో మాట వెనక్కి వచ్చింది, కాలూ స్వాధీనంలోకి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం మోచేతి కింద ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉండిపోయింది. వేళ్ళు కొంచెం కదులుతాయి. వాటికి ఏది తగిలినా ఆయనకు తెలియదు.

చేతి వ్యాయామాలు నేర్పే ఫిజియో గట్టి మనిషి. "మొదటి ఆరు నెలలూ ముఖ్యం. ఈ చేత్తో ఏదో ఒకటి చేస్తూనే ఉండాలండీ. బాగా చెయ్యక్కర్లేదు, చెడగొట్టినా పర్వాలేదు, చెయ్యాలంతే. వీడియో గేములు ఆడించినా మంచిదే," అంది.

ఆ చివరి మాట టిక్కుకు తగిలింది. నాన్న చెయ్యి నాన్న బల్ల దగ్గరికి తిరిగి రావాలి. ఆమెకు కావలసింది ప్రపంచంలో అదొక్కటే, అదీ ఎక్కడో లోపల పత్తిలో చుట్టిపెట్టినట్టు మాత్రమే తెలిసేది. అయినా చెయ్యాల్సింది చేసింది. కాలవల్లో చిన్న పడవ నడుపుకుంటూ పోయే ఆట ఒకటి ఎంచింది. రెండు చేతుల్లో పట్టుకునే రిమోట్ తెచ్చి టీవీకి తగిలించి, సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎడంవైపు మీటలన్నీ పని చెయ్యకుండా ఆపేసింది. పడవ తిరగడం, ఆగడం, గంట కొట్టడం అన్నీ కుడివైపే. కుడివైపు మీట కదిలితే తప్ప పడవ ఎటూ తిరగదు. తన తెలివికి తనే మెచ్చుకుంది. ఇంకో ఏర్పాటు కూడా చేసింది. ఆటలో పతకం వచ్చినప్పుడల్లా ఆఫీసులో ఉన్న తన ఫోన్ మోగేలా పెట్టుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. "తొలి ఢీ. మొదటిసారి గట్టును గుద్దారు." టిక్కు సీటులోంచి లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, పతకం వచ్చిందిగా."

"ఏదో మోగిందమ్మడూ. పడవ పాడయిందేమో అనుకున్నాను."

"పాడవలేదు, పతకమది. గుద్దినందుకు ఇచ్చారు."

"గుద్దితే కూడా ఇస్తారా? మీ కంపెనీవాళ్ళు దయగలవాళ్ళే," అని నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

తరవాత పది రోజులు ఫోన్ మోగలేదు. మధ్యమధ్య తీసి చూసుకునేది. ఏమీ లేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఆడలేదా నాన్నా?" అని అడిగింది. ఆయన ఏదో అనబోయి ఆగి, "రేపు ఆడతాలే," అన్నాడు.

మర్నాడు పదకొండింటికి టింగ్. "వంతెన కింద నుంచి తాకకుండా వెళ్ళారు." మూడింటికి ఇంకోటి. ఆ వారంలో అయిదు. ప్రతిసారీ టిక్కు మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసేది. ఏ పతకం, ఏ కాలవ, ఎలా తిప్పావు అని అడిగేది, ఆయన చెప్పేవాడు. సరిగ్గా రెండు నిమిషాలు. సాయంత్రాలు ఆమె కళ్ళు లాగుతున్నాయంటూ పడుకునేది. నాన్న టీవీ కట్టేసేవాడు. ఆయన ఆడుతుండగా ఆమె పక్కన కూర్చున్నది లేదు. కూర్చుని చూడాల్సింది ఏముంది, జాబితా ఫోన్‌లోనే ఉండగా. మూడు నెలల్లో ముప్పై ఒక్క పతకాలు. తన పనిలో నేర్చిన ప్రకారం ముప్పై ఒక్కసార్లు "వచ్చింది" అనుకుంది.

చెయ్యి మాత్రం ఇంట్లో ఎప్పటిలాగే ఒళ్ళో పడి ఉండేది. అన్నం ఎడం చేత్తో తినేవాడు, చొక్కా గుండీలు ఎడం చేత్తో పెట్టుకునేవాడు. లోపల లోపల బాగవుతోంది కాబోలు అనుకుంది టిక్కు. కళ్ళెదుట ఉన్న చెయ్యికంటే ఫోన్‌లో ఉన్న జాబితామీదే ఆమెకు గురి.

మూడు నెలల తరవాత పరీక్షకు వెళ్ళారు. ఫిజియో ఆయన కుడి చేతిలో పిడికిలి బలం కొలిచే మీటరు పెట్టి నొక్కమంది. ముల్లు నాలుగు దగ్గరికి పోయి ఆగింది. కాగితాలు వెనక్కి తిప్పి చూసింది. మూడు నెలల కిందట కూడా నాలుగే. ఆయన్ని కళ్ళు మూసుకోమని, పెన్సిలు కొసతో ఒక్కో వేలినీ తాకుతూ ఏ వేలో చెప్పమంది.

"తాకుతున్నారా?" అన్నాడాయన.

బొటనవేలి మీద పెన్సిలు అలాగే ఉంది.

"ఇంట్లో చేయించడం లేదా?" అని టిక్కును అడిగింది ఫిజియో.

టిక్కుకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ తీసి జాబితా ముందుపెట్టింది. "చూడండి. ముప్పై ఒకటి. అన్నీ కుడివైపు మీటలతోనే. ఎడంవైపువి నేనే ఆపేశాను."

ఫిజియో జాబితా పైనుంచి కింద దాకా ఓపిగ్గా చూసింది. "రిమోట్‌లో కుడివైపు సరేనండీ. నొక్కింది ఏ చెయ్యి?" అంది.

నాన్న గోడగడియారం వైపు చూస్తూ, "మీ గడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తోందండీ," అన్నాడు.

ఆరేళ్ళ అనుభవం, చిన్న అక్షరం తేడా ఉన్నా పట్టేసే కన్ను, ఇంత పిచ్చి తప్పు చేసింది. మీట కదిలితే లెక్క పడుతుంది, లెక్క నిండితే పతకం వస్తుంది. మీట వెనక ఎవరి వేలుందో ఆటకు తెలియదు, అడగదు. ఆమె కూడా అడగలేదు.

"పోయిన నెలలు పోయినట్టే. ఉన్నవాటిలో చేయించండి. ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను," అంది ఫిజియో. తిట్టలేదు. తిడితే బాగుండేదేమో.

ఆటోలో ఇద్దరూ చెరో పక్కకు చూస్తూ వచ్చారు. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. టిక్కు తలుపు తీసి, నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఆడలేదా అని అడిగావు చూడు, ఆ మర్నాటి నుంచి."

"నువ్వు ఆడలేదనుకున్నాను."

"ఆడానమ్మడూ. ఆ పది రోజులూ పూటకో గంట ఆడాను, ఈ చేత్తోనే. పడవ గట్టును గుద్దుతుంది, ఇవతలికి తెస్తే అవతలి గట్టును గుద్దుతుంది. గుద్దినందుకు ఒక్కసారే ఇస్తారట, మళ్ళీ ఇవ్వరు. ఏమీ మోగలేదు. మోగకపోతే నీకు నేను ఆడనట్టే కదా." ఎడం చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్ళో సర్దుకున్నాడు. "రిమోట్ బల్లమీద పెట్టి ఎడం చేత్తో తిప్పితే వెంటనే వచ్చింది. నువ్వు ఫోన్ చేశావు. ఎంత సంబరంగా మాట్లాడావో. పొద్దున్నుంచి ఈ గదిలో ఒక్కణ్ణే ఉంటాను. టింగుమంటే నువ్వు ఫోన్ చేస్తావు. చెయ్యి సంగతి తరవాత చూసుకోవచ్చులే అనుకున్నాను."

ఏడుపు వస్తుందేమోనని టిక్కు కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఛాతీలో ఏదో ఉంది, బరువుగా, నాన్న చెయ్యిలాగే. తాకితే తెలియడం లేదు. తప్పు తనదేనని మాత్రం స్పష్టంగా తెలుసు. బిరుదులాయన చెప్పింది నిజమే, పతకాలు లేకపోతే నాన్న పదకొండో రోజున రిమోట్ పక్కన పడేసేవాడేమో. ఉన్నందువల్ల రోజూ ఆడాడు. ఆ ఆటలో ఆయన కుడి చెయ్యి తప్ప అన్నీ ఉన్నాయి.

లేచి ఆట సెట్టింగుల్లోకి వెళ్ళింది. ఆ దారులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పతకాలు చూపించు అన్నచోట "వద్దు" నొక్కింది. ఫోన్‌లో మోత తీసేసింది.

"రేపట్నుంచి ఒంటిగంటకు ఫోన్ చేస్తాను. మోగినా మోగకపోయినా."

"ఏం మాట్లాడతావు?" అన్నాడు నాన్న. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"అప్పుడు చూద్దాంలే," అంది.

కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. రిమోట్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఆయన కుడి బొటనవేలు తీసి మీటమీద పెట్టింది. వేలు చల్లగా ఉంది. కొసన ఏళ్ళతరబడి స్క్రూలు తిప్పి కాసిన కాయ ఇంకా అలాగే ఉంది. తెరమీద కాలవ, కాలవలో పడవ, నీళ్ళమీద ఎండ. అలవాటుకొద్దీ ఆమె చూపు పై మూలకు పోయింది. అక్కడేమీ లేదు. చూపు కిందికి దించి వేలిమీద పెట్టింది.

నాన్న ఊపిరి బిగపట్టాడు. మెడ నరం ఉబ్బింది.

"నొక్కానా?"

"లేదు నాన్నా."

"ఇప్పుడు?"

"లేదు."

పడవ మెల్లగా ప్రవాహం వెంట పోయి గట్టుకు ఆనుకుంది. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. కిటికీ దగ్గర బల్లమీద పట్టకారు, భూతద్దం ఎక్కడివక్కడే ఉన్నాయి. చాలాసేపయ్యాక మళ్ళీ అడిగాడు, ఈసారి కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా.

"వచ్చిందా అమ్మడూ?"

వచ్చింది అనొచ్చు. ఆయనకెలాగూ తెలియదు. ఆ మాట ఆమె నాలుక చివర రోజుకు రెండువందలసార్లు ఆడే మాటే. వేలివైపు చూసింది. మీట కదల్లేదు.

"రాలేదు నాన్నా," అంది. లేవలేదు. పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.