పాత కెర్నల్ కడుపులో

పొద్దున్నుంచీ ఉమాశ్రీకి కాళ్లూ చేతులూ ఆడడం లేదు. మాదాపూర్‌లోని వాళ్ల చిన్న కంపెనీ తయారుచేసిన కంప్యూటర్ పెట్టెను చూడ్డానికి రేపు కొనేవాళ్లు వస్తున్నారు. అది పనిచెయ్యకపోతే టీమునే ఎత్తేస్తామన్నాడు మేనేజరు. ఈవిడేమో నిన్న అందులో సొంతంగా కట్టిన కొత్త కెర్నల్‌ను, అంటే పెట్టెను నడిపించే మూల ప్రోగ్రామును, ఎక్కించింది. అది లేవనంటే లేవనని మొండికేసింది.

పాత కెర్నల్ ఫైలు దాచింది, మహాతల్లి! కానీ రెంటికీ ఒకే వెర్షన్ పేరు పెట్టడంతో, నెట్‌వర్కు లాంటివాటిని నడిపే పాతదాని డ్రైవర్లుండే మాడ్యూళ్ల ఫోల్డరులో కొత్తవి వచ్చి కూర్చున్నాయి. కెర్నల్‌లో ఏమేం కలిపి కట్టారో రాసి ఉండే కాన్ఫిగ్ ఫైలునైతే జాగా చాలడం లేదని తనే తుడిచేసింది. ఎంత శుభ్రమో చూడండి! ఇప్పుడు పాతది లేస్తోంది గానీ నెట్‌వర్కు లేదు. నెట్‌వర్కు లేని ఆ పెట్టె దేనికీ పనికిరాదు.

పాతదాన్ని కట్టింది టీములోని మొగిలి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. అతను శేరిలింగంపల్లి రోడ్డు మీద వంటావార్పులో ఉన్నాడు, ఫోనెత్తడం లేదు. కాకినాడ యాసతో ఆ గుంపులోకి వెళ్లాలంటే ఆమెకు భయంగానే ఉంది. అయినా స్కూటీ తీసింది.

నడిరోడ్డు మీద పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది. మొగిలి చెమటలు కక్కుతూ కలుపుతున్నాడు.

"మొగిలి గారూ, కొంప మునిగిందండీ."

"ఏమైంది? జర ఈ గరిటె పట్టు, చేతులు గుంజుతున్నయ్."

పప్పు కలుపుతూనే సంగతంతా చెప్పింది. ఆమె యాసను ఎవరూ పట్టించుకోలేదు. అడుగంటకుండా తిప్పమన్నారంతే.

"మాడ్యూళ్లు గూడ పక్కకు కాపీ జేసుకోవద్దా?" మొగిలి నుదురు కొట్టుకున్నాడు. "పాతది లేస్తుందన్నవ్ గద, ఇగ ఫికర్ లేదు. కాన్ఫిగ్‌ను దాని కడుపులనే పెట్టి కట్టిన. దాన్ని బయటికి తీసి, మళ్ల కట్టు. ఈసారి పేరు వేరే పెట్టు."

"ఫోను మాత్రం చేతిలో పెట్టుకోండి."

ఆఫీసుకు పరుగెత్తింది. పాతదాన్ని లేపి కాన్ఫిగ్ బయటికి లాగింది, దానితో కెర్నల్‌నూ మాడ్యూళ్లనూ మళ్లీ కట్టింది, వేరే పేరుతో ఎక్కించింది. పెట్టెను ఆపి మళ్లీ ఆన్ చేసింది. నెట్‌వర్కు దీపం వెలిగింది. వెంటనే అతనికి ఫోను చేసింది.

"మొగిలి గారూ, నెట్‌వర్కు వచ్చేసిందండీ."

అవతల మొగిలి వెనక్కి తిరిగి, "మా డబ్బా లేసిందన్నా," అని కేకేయడం వినిపించింది. ఏం డబ్బా, ఎక్కడి డబ్బా అని ఒక్కరైనా అడగలేదు. రోడ్డు రోడ్డంతా ఒక్క గొంతుతో జై కొట్టింది. ఖాళీ ఆఫీసులో ఉమాశ్రీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.